సుభాషిణి మణికట్టు

సుభాషిణి మణికట్టు పట్టుకునే వంతు నాకొచ్చిందంటే ఆ రోజు నాకు పండగే. ఆదివారం ఆరాధన ముగిశాక, చర్చి పక్క హాల్లో మందపాటి చాపలు పరిచి సుశీల్ కుమార్ మాస్టర్ ఆడవాళ్ళకు హాప్‌కిడో నేర్పిస్తాడు. కొరియా వాళ్ళ ఆత్మరక్షణ విద్య అది. చెన్నైలో ఏళ్ళ తరబడి నేర్చుకొని వచ్చాడు. ఇది పతకాల కోసం కాదని, ఎవడైనా చెయ్యి పట్టుకుంటే విడిపించుకొని క్షేమంగా ఇంటికి చేరడానికని మొదటి రోజే చెప్పాడు.

పాస్టర్‌గారిని బతిమాలి ఆ హాలు ఇప్పించింది నేను. సూళ్లూరుపేటలో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను పోగుచేసింది నేను. కడుపులోంచి కేక పెట్టమంటే మావాళ్ళంతా కీర్తన ఎత్తుకున్నట్టు సన్నగా అరుస్తుంటే, హాలు దద్దరిల్లేలా అరిచిందీ నేనే. పేరేమో సుభాషిణిది! పులికాట్ ఒడ్డున చేపలు పట్టే పల్లె ఆమెది. రోజూ తెల్లారే రైలెక్కి చెన్నై వైపు ఫ్యాక్టరీకి పోతుంది. కాలెత్తితే నడుము దాటదు. అయినా మాస్టర్ "సుభాషిణిని చూడండమ్మా, ఎంత నిబ్బరంగా నిలబడిందో" అంటాడు. అన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. నేనేమన్నా వంగి నిలబడ్డానా?

మిగతావాళ్ళకు ఆమె అంటే మహా ముద్దు. చెయ్యి పట్టుకోమంటే పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంటారు. ఆమె కాస్త మెలితిప్పగానే పడిపోతారు. పైగా "సారీ, గట్టిగా పట్టుకున్నానా?" అని అడుగుతారు.

"చెయ్యి పట్టుకునే వెధవ సారీ చెప్తాడా అమ్మా?" అని మాస్టర్ నెత్తి కొట్టుకుంటాడు.

నేను మాత్రం ఎముక తగిలేదాకా బిగించేదాన్ని. బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్యనున్న సందులోంచి చెయ్యి లాక్కోవాలి. ఆ సందే దొరక్కుండా పట్టేదాన్ని. సుభాషిణి ముఖం కందిపోయేది, గింజుకునేది, చెయ్యి మాత్రం ఊడివచ్చేది కాదు. అందరిముందూ ఆమె ఓడిపోతుంటే నా ప్రాణం ఎంత హాయిగా ఉండేదో! కానీ ఆ పిల్ల ఏడ్చి మానేస్తేగా? చెయ్యి దులుపుకొని, "ఇంకొకసారి పట్టుకో కెజియక్కా" అని మళ్ళీ చాపేది.

ఈమధ్య నెల్లూరులో ఒక ఆడపిల్లల కాలేజీ నుంచి మాస్టర్‌కు పిలుపొచ్చింది. తనతోపాటు అక్కడ నేర్పడానికి మాలో ఒకరిని తీసుకుపోతానని, వచ్చే ఆదివారం పరీక్ష పెడతానని అన్నాడు. ఆ పని నాది. ఆసుపత్రి కౌంటర్లో టోకెన్లు ఇచ్చే బతుకు నుంచి బయటపడాలి, ఆ పిల్లలచేత మేడమ్ అని పిలిపించుకోవాలి. సుభాషిణి పరీక్షలో ఆమె చెయ్యి పట్టుకునే వంతు నాకే ఇమ్మని మాస్టర్‌ను ముందే అడిగి పెట్టుకున్నాను.

ఆదివారం ఆమె ఆలస్యంగా వచ్చింది. కుడి మణికట్టు కమిలిపోయి ఉంది. అందరూ చుట్టూ మూగారు.

"నిన్న పొద్దున్నే స్టేషన్ మెట్ల మీద ఒకడు చెయ్యి పట్టి గుంజినాడు. నాకేం తోచలా. చెయ్యి దానంతటదే తిరిగింది. వాడు బోర్లా పడినాడు. రైలు పోతాదని పరిగెత్తినా." ఊపిరి పీల్చుకొని నావైపు చూసింది. "వాడి పట్టు కెజియక్క పట్టులో సగం గూడా లేదు."

హాలంతా చప్పట్లు. మాతోపాటు నేర్చుకునే ఎలిశబెతమ్మ నన్ను కావలించుకుంది.

"ఇంక పరీక్షెందుకు? నాతో సుభాషిణి వస్తాది," అన్నాడు మాస్టర్. "కెజియా, నువ్వూ మొదటి రోజు రావాలమ్మా. పట్టుకోవడమంటే ఏందో ఆ పిల్లలకు చూపించాల."

పాఠం చెప్పేది ఆమె, రౌడీ వేషం నాది! అందరి ముందూ నవ్వక తప్పలేదు.

అభ్యాసం మొదలైంది. సుభాషిణి నా ఎదురుగా నిలబడి ఎడమ చెయ్యి చాపింది. పట్టుకున్నాను కానీ వేళ్ళు బిగియలేదు.

"అట్టా కాదక్కా. ఎప్పుడూ పట్టుకునేటట్టు పట్టుకో."

"నొప్పి పుడతాదేమో," అన్నాను.

ఆమె గొంతు తగ్గించింది. "నేనంటే నీకు కుళ్ళని నాకు మొదట్నించీ తెలుసక్కా. వీళ్ళంతా ప్రేమగా పట్టుకుంటారు. బయట పట్టుకునేవాడు ప్రేమగా పట్టుకోడు గదా. అందుకే ఎప్పుడూ నీ దగ్గిరికే వచ్చినా."

నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళూ ఆమె ఓడిపోవాలని నేను చూపిన బలమంతా ఆమెకే పనికొచ్చింది. ఆ సంగతి కనిపెట్టే తెలివి కూడా ఆమెకే ఉండాలా? ఒళ్ళు భగ్గుమంది. ఎముక తగిలేదాకా బిగించాను.

మరుక్షణం నేను చాప మీద బోర్లా పడి ఉన్నాను.