తొమ్మిదో పోగు

సానో ఊళ్లో మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కబాసవ నూడుల్స్ దుకాణం ముందు వరస కడతారు. ఆ వరసలో నలభై నిమిషాలు నిలబడ్డ ఓనుకికి ఆకలి లేదు. కడుపునిండా కోపమే ఉంది. తన వంతు రాగానే గుమ్మానికి వేలాడే నీలం గుడ్డని తలతోనే తోసుకుంటూ లోపలికి పోయాడు. ఆ దుకాణంలో పనిచేసిన ఆరేళ్లూ వారం వారం అతను ఉతికి ఆరేసిన గుడ్డే. ‘వెదురు తొక్కుడు రామెన్, కబాసవ’ అన్న అక్షరాలు కళ్లు మూసుకున్నా కనబడతాయి, ఇంక చదివేదేముంది?

పొయ్యి దగ్గరున్న ముసలి కబాసవ తలెత్తి చూసి, పాత శిష్యుణ్ణి గుర్తుపట్టి మొహం గంటు పెట్టుకున్నాడు.

“ఖాళీ లేదు.”

“ఆ చివర ఖాళీయే కదా గురువుగారూ.”

“నన్ను గురువుగారని పిలవమన్నదెవడు? తినడానికొస్తే తిని పో.”

ముసలాడి భార్య హిసానో నీళ్ల గ్లాసు తెచ్చి ఠక్కున పెట్టింది. సగం బల్లమీద ఒలికినా తుడవలేదు.

పిండిముద్ద మీద వెదురుబొంగు అడ్డంగా పెట్టి, దాని కొసన కాలు వేసి కూర్చుని, ఎగిరెగిరి తొక్కి నూడుల్స్ చేయడం ఆ ఊరి పద్ధతి. పదకొండేళ్ల కిందట గురువు ఊళ్లో లేనప్పుడు ఓనుకికి చీలమండ బెణికింది. గుట్టుచప్పుడు కాకుండా బజారు నూడుల్స్ తెచ్చి వడ్డించాడు. సెలూన్ నడిపే హనీవ జుర్రుకుంటూ, “ఇవాళ తొక్కిందెవరోయ్?” అనడిగితే “నేనే” అన్నాడు. అప్పుడే ఊరినుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ కబాసవ ఆ మాట విన్నాడు. హనీవ ముందున్న గిన్నెలోకి ఒక్క చూపు చూసి, దాన్ని తీసి ఎంగిలి తొట్లో కుమ్మరించాడు. “పో” అన్నాడు, అంతే. ఆ తరవాత ఊళ్లో ఏ దుకాణమూ ఓనుకిని గడప తొక్కనివ్వలేదు. చివరికి పక్క ఊళ్లో నూడుల్స్ ఫ్యాక్టరీలో చేరాడు.

పోయినవారం, ఆ ఫ్యాక్టరీలోనే, లారీకెక్కే అట్టపెట్టె మీద కబాసవ చిరునామా చూశాడు. అప్పటినుంచి తిండి సయించలేదు. తొక్కిందెవరని నలుగురి ముందూ అడగాలి. ముసలాడు ‘నేనే’ అని బొంకాలి. అప్పుడు తన గిన్నె తీసుకెళ్లి అదే తొట్లో కుమ్మరించాలి. వచ్చింది అందుకే.

గిన్నె వచ్చింది. చారు అదే, పంది మాంసం ముక్కలూ అవే. నూడుల్స్ పైకెత్తి చూశాడు. చేత్తో చేసినట్టు కనబడాలని ఫ్యాక్టరీలో రోలరు పళ్లని ఎగుడుదిగుడుగా అమర్చింది ఓనుకే. ఎనిమిది పోగులు సన్నగా, తొమ్మిదోది లావుగా వస్తాయి. ఆ తొమ్మిదోది నాలుక్కి తగలగానే లోపల సంబరమైంది. ఆకలి రుచెరగదంటారు గానీ పగ బాగా ఎరుగుతుంది.

పక్కన కూర్చున్నది ఎవరో కాదు, ఆ హనీవే. జుట్టు నెరిసినా నోరు నెరవలేదు.

“చూశావుటోయ్ ఈ పోగు? నీ యంత్రాన్ని చెయ్యమను చూద్దాం.”

“అదే అడుగుదామనుకుంటున్నా.” ఓనుకి గొంతు పెంచాడు. “గురువుగారూ, ఇవాళ తొక్కిందెవరు?”

జుర్రుకునే చప్పుళ్లు ఆగిపోయాయి. కబాసవ చేతిలోని జల్లెడ నీళ్లు విదిల్చాడు. తొందరేమీ పడలేదు.

“మీ ఫ్యాక్టరీ.”

“ఏంటీ?” అన్నాడు హనీవ.

“మోకాలు అరిగిపోయింది. బొంగెక్కితే దిగలేను. ఆర్నెల్లయింది.”

“మరి మాకు చెప్పవేం?”

“గుమ్మానికి కొత్త గుడ్డ కట్టాను. రోజూ నెత్తిన రాసుకుంటూ వస్తావు, ఒక్కనాడన్నా చదివావా? కళ్లు ఇంట్లో పెట్టి వస్తున్నావు కాబోలు.”

“ఆర్నెల్లు వెర్రివాణ్ణి చేశావన్నమాట,” అంటూ హనీవ సగం తిన్న గిన్నెని బల్లమీది గట్టున పెట్టేసి లేచాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు లేచారు. హిసానో వాళ్లని ఆపలేదు.

ఓనుకి చేతిలో గిన్నె అలాగే ఉంది. తొట్లో కుమ్మరించడానికి ఇప్పుడు కారణమే లేకుండా పోయింది. ఒళ్లు మండింది.

“మీరు చేస్తే మోకాలు, నేను చేస్తే నేరమా? బజారు సరుకు వడ్డించాననే కదా ఆరోజు నన్ను తరిమారు?”

“కాలు బెణికితే ఎవడైనా అదే చేస్తాడు. అది చెప్పుంటే నేనే ఇంకో పెట్టె తెప్పించేవాణ్ణి. ‘నేనే’ అన్నావు చూడు, అందుకు తరిమాను.”

“ఆమాట అప్పుడే చెప్పొచ్చుగా?”

“నీకు తెలీదూ?”

తెలుసు. పదకొండేళ్లుగా తెలుసు. అదే అబద్ధం ముసలాడి నోట కూడా వింటే తన తప్పు కాస్త తేలికవుతుందనే ఇంత దూరం వచ్చాడు.

“తిన్నావుగా, లే,” అన్నాడు కబాసవ. “బయట జనం నిలబడ్డారు.”

గిన్నె గట్టున పెట్టి, పాత అలవాటు కొద్దీ గుడ్డ అందుకుని బల్ల తుడవబోయాడు. హిసానో అది చేతిలోంచి లాక్కుంది.

“అది నా పని. నువ్వు ఈ ఇంటివాడివి కాదు.”

బయటికొచ్చి మొదటిసారి తలెత్తి చూశాడు. నీలం గుడ్డ మీద ‘రామెన్, కబాసవ’ అని మాత్రమే ఉంది. వెదురు మాట లేదు. వరసలో ముందున్న ఇద్దరు అతణ్ణి పక్కకి జరగమని, ఆ గుడ్డని తలతో తోసుకుంటూ లోపలికి పోయారు.