తెర మీద సొరక్ కొండ

ప్యో మన్‌సొక్‌కి నలభై ఎనిమిదేళ్లు. సోల్‌లో టైల్స్ అమ్మే ఒక కంపెనీలో గ్వాజాంగ్, అంటే ఐదుగురి మీద పెత్తనం ఉన్న చిన్న అధికారి. ఆ వయసుకి ఇంకో రెండు మెట్లు ఎక్కి ఉండాల్సింది. పన్నెండేళ్లుగా తన కింద పనిచేసిన ప్రతివాణ్నీ "ఒక్క పట్టిక సరిగ్గా వేయడం రాదా?" అని దులిపేస్తూ వచ్చాడు. కంప్యూటర్‌లో పట్టిక వేయడం రానిది తనకే. తన పట్టికలన్నీ గుట్టుగా వేసిపెట్టే హన్‌గ్యొల్ అనే పుణ్యాత్ముడు మార్చిలో బుసాన్ బ్రాంచికి బదిలీ అయిపోయాడు.

అప్పట్నించి మన్‌సొక్ దొంగచాటుగా కంప్యూటర్‌లోనే పట్టికల పాఠాలు చూడడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్ల పాఠం రెండో నిమిషంలోనే తలకెక్కడం మానేసింది. చివరికి నాలుగో తరగతి పిల్లల పాఠం దొరికింది. అందులో గురువుగారు ఒక కార్టూన్ కుందేలు. ఇద్దరు పిల్లల తండ్రి ఆఫీసులో కూర్చుని కుందేలు దగ్గర చదువుకోవడం ఎవరి కంటా పడకూడదు కదా. అందుకని అన్నిటికంటే ముందు, శ్రద్ధగా, ఒక కిటుకు నేర్చుకున్నాడు. విండోస్ మీటా డి మీటా కలిపి నొక్కితే చాలు, తెర మీద ఉన్నవన్నీ మాయమై వెనకున్న సొరక్ కొండ ఫోటో ఒక్కటే మిగులుతుంది. మళ్లీ నొక్కితే అన్నీ ఎక్కడివక్కడికి వచ్చేస్తాయి. ఈ ఒక్క విద్యలో మాత్రం అతను ఆరితేరాడు.

విభాగం పెద్ద గుక్ బూజాంగ్ రోజుకి పదిసార్లు వీపుల వెనక నడుస్తాడు. ఆఫీసులో అందరూ వేసుకునే రబ్బరు చెప్పులే ఆయనవీనూ, కానీ ఎడమది నేలకి రాసుకుంటుంది. ఆ శబ్దం వినపడినా, ఇంకెవరు దగ్గరికొచ్చినా మన్‌సొక్ వేళ్లు కదిలేవి. నెలరోజుల్లో ఒక్కసారి కూడా దొరకలేదు. తన తెలివికి తనే మురిసిపోయి ఒకరోజు క్యాంటీన్‌లో ఇంకో గుడ్డు కూడా వేయించుకున్నాడు.

గురువారం పన్నెండింటికి అందరూ భోజనానికి లేచారు. మన్‌సొక్ మాత్రం ఏడో పాఠంలో ఇరుక్కుని ఉండిపోయాడు. చెప్పు నేలకి రాసుకున్న చప్పుడైంది. మీటలు నొక్కేశాడు. ఈసారి చెప్పులు దాటి పోలేదు, పక్కనే ఆగాయి.

"ప్యో, ఇంట్లో అంతా బాగానే ఉందా?" అన్నాడు గుక్.

"బాగానే ఉందండి, బూజాంగ్‌గారూ."

"ఒంట్లో?"

"బాగానే ఉందండి."

"నెలరోజుల్నించి చూస్తున్నా. ఎప్పుడొచ్చినా ఈ కొండకేసి చూస్తూ కూర్చుంటావు. మొదట్లో అలిసిపోయావేమో అనుకున్నా. నీ మనసు ఇక్కడ లేదయ్యా. స్వచ్ఛందంగా ఉద్యోగం మానేసేవాళ్ల జాబితాకి మన విభాగం నుంచి ఒక పేరు సోమవారంలోగా ఇమ్మన్నారు పైవాళ్లు. నీది ఇద్దామనుకుంటున్నా."

మన్‌సొక్ పెద్దమ్మాయికి ఈ ఏడే కాలేజీ ప్రవేశ పరీక్ష. చెప్పుల చప్పుడు లెక్కగట్టాడు, మీటలు లెక్కగట్టాడు, మొహం ఎలా పెట్టాలో కూడా సాధన చేశాడు. కొండ ఫోటో ముందు కూర్చున్న మనిషి ఏం పని చేస్తున్నట్టు కనిపిస్తాడో ఒక్కసారీ ఆలోచించలేదు. నిన్నగాక మొన్న చేరినవాడైనా కుందేలు మాయమైతే ఏదో ఒక ఆఫీసు ఫైలు కనపడేలా చూసుకుంటాడు. ఇంత వెధవకి ఇన్నాళ్లు జీతమిచ్చిన కంపెనీ మీద అతనికి జాలేసింది.

అవే రెండు మీటలు మళ్లీ నొక్కాడు.

కుందేలు బెత్తం పట్టుకుని వచ్చేసింది. దాని పక్కనే మన్‌సొక్ హోంవర్కు. ఆపిల్స్ 3, అరటిపళ్లు 5, మొత్తం 35.

గుక్ కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు. "మూడూ ఐదూ ముప్పై ఐదా?"

"అలా ఎందుకొస్తోందో తెలీడం లేదండి."

"మరి పన్నెండేళ్లూ నాకు నువ్విచ్చిన పట్టికలు?"

"హన్‌గ్యొల్ వేసేవాడండి. అంతకుముందు జియోన్. అంతకుముందు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు."

"అంటే నేను మెచ్చుకున్నదంతా వాళ్లనన్నమాట." గుక్ నిట్టూర్చాడు. "రేపు మీటింగులో అందరి ముందూ నువ్వే పట్టిక వెయ్యి. వేస్తే నీ పేరు రాయను. ఆ కొండ మాత్రం మళ్లీ నాకు కనపడకూడదు."

ఆయన వెళ్లాక భోజనానికెళ్లినవాళ్లు కాఫీ కప్పులతో తిరిగొచ్చారు. అందరిలోకీ చిన్నది సొల్ ఆరమ్, పోయిన వారమే పట్టిక తప్పిందని అతని చేత చివాట్లు తిన్న పిల్ల, అటువైపే వస్తోంది. మన్‌సొక్ చెయ్యి దానంతటదే మీటల మీదికి పోయింది. దాన్ని లాక్కుని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆరమ్ తెరకేసి చూసింది. "గ్వాజాంగ్‌గారూ, మధ్యలో కూడిక గుర్తు ఉండాలండి. మీరు అంకెలు అతికించే గుర్తు పెట్టారు."

మార్చాడు. ఎనిమిది వచ్చింది. పన్నెండేళ్లుగా దాచుకున్న మాట, ఐదుగురికీ వినపడేలా బయటికొచ్చింది.

"ఆరమ్, నాకు పట్టికలు వేయడం రాదమ్మా. రేపటిలోగా నేర్పుతావా?"

ఎవరూ తల కూడా తిప్పలేదు.

"తెలుసండి," అంది ఆరమ్ కుర్చీ లాక్కుంటూ. "హన్‌గ్యొల్ గారు వెళ్లేరోజే మా అందరికీ చెప్పారు, మీకు కాస్త సాయం చేయమని. అడుగుదామని నేను ఎన్నిసార్లొచ్చానో. వచ్చిన ప్రతిసారీ మీరు కొండ చూపించారు."

మన్‌సొక్ పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు.