టవరు కడిగిన పుస్తకాలు

"కాలరు దగ్గర మడత రానివ్వకు. ఇవాళ ఫోటోలు తీస్తారు," అన్నాడు భర్త, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

ఆమె ఇస్త్రీపెట్టెను కాలరు కొసన ఆనించి మధ్యకు నెమ్మదిగా నడిపింది. పదకొండు దేశాలలో పాలడబ్బాలూ, బిస్కెట్లూ, పసిపిల్లల ఆహారమూ అమ్మే సంస్థకు అధిపతి ఆయన. ఇంట్లో పనివాళ్లు నలుగురున్నారు. అయినా ముప్పై రెండేళ్లుగా ఆయన చొక్కా మీద ఆమె చేయి తప్ప మరొక చేయి పడలేదు. "వాళ్లు చేస్తే ఆ పదును రాదు" అంటాడు. అది మెప్పనుకుని ఆమె మొదట్లో పొంగిపోయింది. కొన్నాళ్లకు అలవాటుపడింది. మెప్పుకీ జీతానికీ తేడా ఏమిటని తీరిగ్గా ఆలోచించడం ఈమధ్యనే మొదలుపెట్టింది.

ఇవాళ విలేఖరులు ఫోటోలు తీయబోయేది సన్మానానికి కాదు. పది రోజుల కిందట ఒక పెద్ద బ్యాంకు, ఈ సంస్థ తమ వద్ద దాచానని చెప్పుకుంటున్న ధనం తమ వద్ద లేదనీ, అసలు ఆ ఖాతాయే లేదనీ, ఉందంటూ సంస్థ చూపిన ఉత్తరం తాము రాసినది కాదనీ ప్రకటించింది. మర్నాటికి వాటాల ధర నేలను తాకింది. ఫ్యాక్టరీ ఆగిపోయింది. పాలు పోసేవాళ్లకు మూడు నెలల బాకీ నిలిచిపోయింది. పదకొండు గంటలకు విచారణాధికారిణి ఇంటికే వచ్చి అందరి వాంగ్మూలాలూ తీసుకుంటుందని కబురు. కింద ముందుగదిలో లాయరు రెండో కాఫీ తాగుతున్నాడు.

ఇంత సామ్రాజ్యమూ మొదలైంది విరగబోయే పాలతో. కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఆయన ఒక పాత వ్యానులో పాలు పోసి వచ్చేవాడు. మిగిలిన పాలు పారబోయడానికి మనసొప్పక ఆమె వెడల్పాటి గిన్నెలో చక్కెర వేసి, మూడు గంటలు గరిటె ఆపకుండా ఇగరబెట్టింది. అత్తగారు వేలితో రుచి చూసి, "బాగానే ఉంది గానీ, గ్యాసెంత అయిందో చూసుకున్నావా?" అంది. ఆ చిక్కటి పాలు డబ్బాలకెక్కాయి, డబ్బాలు ఓడలకెక్కాయి, ఆయన వేదికలెక్కాడు. "ఒక్క వ్యానుతో మొదలుపెట్టాను. నా భార్య నా వెనక నిలబడింది" అని ప్రతి సభలోనూ చెబుతాడు. తాను నిలబడింది ఆయన వెనక కాదు, పొయ్యి ముందు. సభలో ఆ సంగతి అడిగినవాళ్లు లేరు, అడగనిదాన్ని చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఫ్యాక్టరీ పెరిగాక ఆమెకు మిగిల్చిన పని శుభ్రత. పాలు పొడిగా మారే టవరు కంపెనీ మొత్తానికి ఒక్కటే, నాలుగంతస్తుల ఎత్తు ఉక్కు గోపురం. ఇరవై గంటలు నడిచేసరికి లోపలి గోడలకు పాలు అట్టలా కరుచుకుంటాయి. ఆపి, మందునీళ్లతో తోమి, మరిగే నీళ్లతో రెండుసార్లు కడగాలి. కడగకుండా నడిపితే ఆ పొడి చెడిపోతుంది, తాగేది పసివాళ్లు. రబ్బరు బూట్లు వేసుకుని లోపలికి దిగేది ఏడుగురు ఆడవాళ్లు, జీతాల పట్టికలో పేర్లు మాత్రం ఆరు.

"ఓనరు భార్యకి జీతమేమిటి వదినా? కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకోవడానికా?" అని మరిది నవ్వాడు. సంస్థ లెక్కలన్నీ చూసేది అతనే. ఆ రెండు జేబులూ ఏ చొక్కాకు ఉన్నాయో ఆమెకు తెలుసు. ఇస్త్రీ చేసేది తనే కదా!

కడిగిన ప్రతిసారీ ఆమె ఒక పుస్తకంలో రాసేది. తేదీ, టవరు ఆపిన గంట, మళ్లీ నడిపిన గంట, దిగినవాళ్ల పేర్లు, చివర తన పొడి అక్షరాలు. సంధ్య వార్చేవారికి పూట ఎలా తప్పదో ఆమెకు ఆ వరుస అలా తప్పేది కాదు. వంట ఎంత అయిందో తెలియాలంటే వడ్డించినవాణ్ణి కాదు, గిన్నెలు తోమిన మనిషిని అడగాలని ఆమె లోలోపల అనుకునేది. ఒక కడుగుడుకీ మరో కడుగుడుకీ మధ్య నలభై టన్నుల పొడి దిగుతుంది, అంతకు మించి రానే రాదు. ఏడాదికి రెండువందల ఎనభై సార్లు కడిగేవారు. ఎంత గింజుకున్నా పదకొండు వేల రెండువందల టన్నులు.

మూడేళ్ల కిందట, ఇంట్లో విందు జరుగుతుండగా మరిది ఒక కాగితం తెచ్చాడు. ఆ ఏడు ముప్పై వేల టన్నుల పొడి తయారై, నాణ్యత పరీక్ష నెగ్గి, ఎక్కడో దూరపు దీవిలోని ఒక వర్తకుడికి వెళ్లిందని అందులో ఉంది. "కాగితాల మీద నాణ్యతకు పెద్ద మీరే కదా వదినా, ఊరికే ఒక సంతకం." పెన్ను మూత తీసేలోపే ఆమె మనసులో లెక్క తేలిపోయింది. చేయి ఆగింది. బల్ల దగ్గర నుంచి భర్త, "ఏమిటే, పెన్ను పట్టుకుని జపం చేస్తున్నావా?" అన్నాడు. అతిథులు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగడం కోసం ఆమె సంతకం పెట్టింది. తరవాత తనకు తాను చెప్పుకున్న మాటలు చాలానే ఉన్నాయి. వేరే దేశంలో మరో టవరుందేమో అనుకుంది, పెద్దవాళ్ల వ్యవహారాలు అనుకుంది. దేవుడి ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ మాటల్లో ఒక్కటీ నోట పలికేది కాదు.

ఆ కాగితం చూపించే కంపెనీ బాండ్లు అమ్మింది. టవరు కడిగేవాళ్లలో అందరికన్నా ఎత్తైన పొడుగక్క, "మా ఆయన రిటైరైన డబ్బంతా మీ బాండ్లలోనే వేశామమ్మా. మీరుండగా భయమేముంది?" అంది సంబరంగా. అదే పొడుగక్క మొన్న పెరటి గేటు దగ్గరికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని ఆమె తల వంచుకుని నిలబడింది.

"టవరులో పాలు అలాగే ఎండిపోతున్నాయమ్మా. తుప్పు పడుతుంది. వచ్చి కడిగెయ్యమంటారా? కూలి సంగతి తరవాత చూసుకుందాం," అంది పొడుగక్క.

తిట్టినా బాగుండేది.

చొక్కా భర్తకు అందించి ఆమె కిందికి వచ్చింది. మరిది, లాయరు ఎదురెదురుగా కూర్చున్నారు.

"మన వాదన ఒక్కటే. సరుకు తయారైంది, పంపాం, కొన్నవాడు డబ్బు బ్యాంకులో వేశానని దొంగ ఉత్తరమిచ్చి ముంచాడు," అంటున్నాడు లాయరు. "సరుకే తయారు కాలేదని తేలితే తప్ప బాండ్లవాళ్లు మీ సొంత ఆస్తుల జోలికి రాలేరు. కంప్యూటర్లన్నీ తుడిచేశారు కదా?"

"అద్దంలా ఉన్నాయి," అన్నాడు మరిది.

లాయరు ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, మీరు చెప్పాల్సింది రెండు ముక్కలు. నేను గృహిణిని, వ్యాపారం నాకు తెలియదు. అంతే. చట్టం మిమ్మల్ని తాకదు."

"మరి నా సంతకం?"

"పెట్టమంటే పెట్టారు. చదివినా అర్థం కాలేదు."

"లెక్కలు నాకు బాగానే అర్థమవుతాయండీ."

"ఇవాళ ఒక్కరోజూ అర్థం కాకపోతే సరి," అని మరిది నవ్వాడు. "మీ అమాయకత్వమే మనకి ఇన్సూరెన్సు వదినా."

మెట్లు దిగుతూ భర్త గొంతు తగ్గించాడు. "నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు. ఈ ఒక్కటీ చెయ్యి."

నిజమే, అడగలేదు. అడగకుండానే అన్నీ అందుతుంటే అడగవలసిన పనేముంది? ఆమెకు కోపం రాలేదు. తలుపు తెరిచే ఉంది, తెలియదన్న ఒక్క మాటతో హాయిగా బయటికి నడిచిపోవచ్చు. కాని ఆ మాట అన్నాక, ఏమీ తెలియని ఆడమనిషి రాసుకున్న పుస్తకాలను ఎవరు నమ్ముతారు? తెలియదంటే తాను మిగులుతుంది, తెలుసంటే పొడుగక్క డబ్బుకు దారి మిగులుతుంది. రెండూ మిగిలే లెక్క ఎంత వెతికినా దొరకలేదు.

అధికారిణి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, చేతిలో పలచటి సంచి. కూర్చుని కాగితాలు సర్దుకుంది.

"మీ వృత్తి?"

"గృహిణి," అన్నాడు లాయరు.

"మిమ్మల్ని కాదండీ."

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా," అని ఆమె పైకి వెళ్లి, బట్టల అలమర అడుగు నుంచి పాత పెట్టె తెచ్చింది. అందులో పందొమ్మిది పుస్తకాలు, అట్టల మీద పాలచారలు, తడిసి ఆరి ఉబ్బిన కాగితాలు.

"ఏమిటవి?" అన్నాడు భర్త.

"టవరు కడిగిన పుస్తకాలు."

మరిది నవ్వబోయాడు. అతను లెక్కల మనిషి. నవ్వు సగంలో ఉండగానే అతనికి అర్థమైంది, ముఖం పాలిపోయింది. లాయరు గబుక్కున లేచాడు.

"మేడమ్, ఇవి ఇచ్చారంటే ముందు మీ మెడకే చుట్టుకుంటుంది."

"కావాలంటే మీరు మీ లాయరుతో విడిగా మాట్లాడుకోవచ్చు," అంది అధికారిణి.

"ఆయన మా వారి లాయరమ్మా." ఆమె పుస్తకాలను బల్ల మీదికి జరిపి, అధికారిణికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముప్పై వేల టన్నులన్న మొదటి కాగితం మీద సంతకం నాది. అబద్ధమని తెలిసే పెట్టాను. అక్కణ్ణుంచి రాసుకోండి."