పరదా వెనక చాయ్

"ఉర్లగడ్డ బజ్జీలు ఇంకో వాయి వెయ్యి, పక్క ఫ్లాటు ప్రమోద్ వచ్చినాడు" అని చెప్పి మా ఆయన షాహబాజ్ టీవీ ముందుకు పోయినాడు.

దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మాది ఒక హాలు, ఒక పడగ్గది. బయటి మొగవాళ్లు వస్తే నేను వంటింటి పరదా దాటను. పళ్లెం సిద్ధమైతే దానికి చేతి గాజులు తాకించి మోగిస్తా. ఆయన వచ్చి అందుకుంటాడు. కడపలో మా అత్త నేర్పిన పద్ధతి. "కోడలి గాజులు వినపడాల, గొంతు కాదు" అనేది.

పరదా సందులోంచి వాళ్లు చూసే దయ్యాల సినిమా కనపడతాంది. డెబ్బైల కాలం నాటి దొరల బంగళా. గోడలన్నీ ఎర్రగా, మొహాల మీద పచ్చ వెలుతురు. దొరసాని గంట కొడితే గోడలో కలిసిపోయిన చిన్న తలుపు తెరుచుకుని పనిమనిషి వస్తాది. ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు.

"మా కఫీల్ కూడా అంతే ప్రమోద్" అన్నాడు మా ఆయన. కఫీల్ అంటే ఈయన డ్రైవరుగా పనిచేసే ఇంటి అరబ్బు యజమాని. "ఇన్నేండ్లాయ, 'డ్రైవర్' అంటాడే గానీ పేరు పెట్టి పిలవడు. నేను మనిషిని కాదా?"

మోచేత్తో కండ్లు తుడుచుకున్నాడు. నాకూ కండ్లలో నీళ్లు తిరిగినాయి. అంతలోనే, "ఏమే, చట్నీ ఏదీ?" అన్నాడు.

చట్నీ గిన్నె పట్టుకుని నిలబడిపోయినా. ఈ సినిమాలో మా ఆయన ఎవరు? ఇంతసేపూ పనిమనిషి పక్క అనుకున్నా. మరి నేనెవరు? ఆ చిన్న తలుపు వెనక ఇంకో చిన్న తలుపు ఉంటాదా? మా ఆయన చెడ్డోడు కాదు. జ్వరమొస్తే కాళ్లు పిసుకుతాడు. ఇద్దరమే ఉంటే పేరు పెట్టే పిలుస్తాడు. నలుగురి ముందర నా పేరు ఎక్కడికి పోతాదో.

గాజులు మోగించి చట్నీ ఇచ్చి, బజ్జీలు తిరగేసి వచ్చేసరికి బంగళాలో గంట మోగతానే ఉంది. చిన్న తలుపు తెరుచుకోలా. దొరసాని గోడలు తడుముకుంటాంది.

"దయ్యమైపోయిందన్నా ఆమె!" అని ప్రమోద్ కాళ్లు సోఫా మీదికి లాక్కున్నాడు.

నాకు దయ్యం ఎక్కడా కనపడలా. పిలిస్తే రాలేదు, అంతే కదా. దానికే అంత భయమా?

రెండు గ్లాసుల్లో చాయ్ పోసి పళ్లెంలో పెట్టినా. గాజుల చెయ్యి ఎత్తి, దించేసినా. బియ్యం డబ్బా మీద కూర్చుని ఒక గ్లాసు నేనే అందుకున్నా.

"ఏమే, చాయ్."

చాయ్ ఊదుకున్నా.

"ఏయ్, నిన్నే!"

హాల్లో టీవీ ఆగింది.

"అల్మాస్?"

ప్రమోద్ ముందర నా పేరు, మొదటిసారి. దొరసాని మొహంలో చూసిన భయమే ఆయన గొంతులో. పలకాల్నో వద్దో తెలియలేదు. చాయ్ వేడిగా ఉంది. ఇంకో గుటక తాగినా.