మా ఆవిడ గొంతున్న ట్యాబ్

గొంతు ఆపరేషన్ అయ్యాక ఇక మాట రాదని డాక్టరు ముందే చెప్పేశాడు. అందుకని మా ఆవిడ వారం రోజులు కూర్చుని తన మాటలన్నీ ట్యాబ్‌లో రికార్డు చేసుకుంది. బొమ్మ మీద వేలు పెడితే తన గొంతే పలికేది. "అన్నం చల్లారిపోతోంది" దగ్గర్నుంచి "నీకసలు బుర్రుందా?" దాకా అన్నీ ఉండేవి. ఆ రెండోదాన్ని రోజుకెన్నిసార్లు నొక్కేదో లెక్కలేదు. ఇంకోచోట కాపీ పెడదామంటే మాత్రం, "నా గొంతు ఊళ్ళోవాళ్ళందరూ వినాలా?" అని ఒప్పుకోలేదు. నేనూ సరేనన్నాను, బుద్ధిలేక.

పోయిన నెల బస్సులో ఎవడో సంచీ కోసి ట్యాబ్ కొట్టేశాడు. పోలీసులు ఫిర్యాదు రాసుకుని ఓ కాగితం చేతిలో పెట్టారు. కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే, పోయిన వస్తువులతో మాకు సంబంధం లేదండీ అని ఎంతో మర్యాదగా చెప్పారు. నేను దర్జీని. నా కుట్టు ఎవరి ఒంటిమీదున్నా గుర్తుపడతాను. ప్రతిదానికీ ఓ నంబరు వేసి మరీ అమ్మేవాళ్ళు ఇలా చేతులు దులుపుకుంటే ఒళ్ళు మండిపోదూ?

నిన్న పొద్దున నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మీ ట్యాబ్ రిపేరు పూర్తయింది. మా సేవ ఎలా ఉంది?" నా కళ్ళని నేనే నమ్మలేదు. కత్తెర బల్లమీద పడేసి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తాను.

కౌంటర్లో అమ్మాయి నంబరు కొట్టి చూసింది.

"అవునంకుల్, ఇదే. మొన్న సాయంత్రమే తీసుకెళ్ళిపోయారు. పాత వివరాల్లో మీ ఫోన్ నంబరుంది, అందుకే మెసేజ్ మీకొచ్చింది."

"ఎవరమ్మా తీసుకెళ్ళింది?"

"కస్టమర్ వివరాలు చెప్పకూడదండీ."

"కస్టమర్ని నేనమ్మా! బిల్లుంది, పోలీసు కాగితముంది. నంబరు చూడగానే దొంగసొత్తని తెలీదా?"

"అలా చూసే పద్ధతి మాకు లేదండీ. పోలీసులు హెడ్డాఫీసుకి రాస్తే, వాళ్ళు చూస్తారు."

ఆ అమ్మాయి మీద అరిచి ఏం లాభం? మెత్తబడ్డాను.

"పోనీ, ట్యాబ్ వాడే ఉంచుకోనీ. అందులో మా ఆవిడ మాటలున్నాయి. అవొక్కటీ ఇప్పించు తల్లీ."

ఆ అమ్మాయి మళ్ళీ కంప్యూటర్లో వెతికింది.

"పాస్‌వర్డ్ మర్చిపోయామన్నారంకుల్. అందుకని... లోపలున్నదంతా తుడిచేసి ఇచ్చాం."

మా ఆవిడ కౌంటర్ మీది కాగితం లాక్కుని, "ఎవరు తుడిచారు?" అని రాసింది.

"నేనేనాంటీ," అంటూ ఆ అమ్మాయి ఏడ్చేసింది. మా ఆవిడా ఏడ్చింది. ఆ అమ్మాయి ఏడుపొక్కటే వినిపించింది.