తడిపిన గడ్డి

కోటిరత్నం ముప్పై ఏళ్లుగా గుంటూరు మిరప కొట్లలో బస్తాలు నింపుతోంది. తను నింపిన బస్తాలో విరిగిన కాయ ఉంటే చూపించమని మేస్త్రీతోనే పందెం కాసే మనిషి. అందులో కాస్త అతిశయం ఉందంటే ఉంది కానీ, ఆ మాట అబద్ధమని అన్నవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు. అందుకే ఆ బుధవారం పొద్దున "పళ్లాలు నేను కడతాను, నువ్వు పక్కకి జరుగు" అని కూతుర్ని కసిరినప్పుడు ఆమె గొంతులో అనుమానమన్నది లేదు.

కూతురు భానుశ్రీ పింగాణీ పళ్లాల మీద రంగులు వేస్తుంది. తెల్ల పళ్లాలు కొనుక్కొచ్చి, అంచుల వెంట మంగళగిరి చీరల్లో ఉండే గోపురాల వరస దిద్ది, నల్లపాడులో వాళ్ల ఇంటి రేకుల వసారాలో పెట్టుకున్న చిన్న కరెంటు బట్టీలో కాలుస్తుంది. బెంగళూరులో కొత్తగా పెడుతున్న ఒక హోటలు వాళ్లు ఇరవై నాలుగు పళ్లాలు అడిగారు. నెల కిందట పంపిస్తే దారిలోనే తొమ్మిది పగిలిపోయాయి. హోటలు మేనేజరు ఫెబా మంచిది కాబట్టి ఇంకోసారి చేసి పంపమంది. శనివారం హోటలు తెరుస్తున్నామనీ, ఈసారీ పగిలితే ఇంకెవరి దగ్గరైనా తీసుకుంటామనీ కూడా మొహమాటం లేకుండా చెప్పేసింది. నెలంతా పిల్ల బట్టీ ముందే కూర్చుంది. ఆఖరి పళ్లెం తీస్తూ కుడిచెయ్యి కాల్చుకుంది. ఇప్పుడు ఆ చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని తల్లికి పాఠం చెబుతోంది.

"పడుకోబెట్టకూడదమ్మా, నిలబెట్టాలి. పడుకోబెడితే బరువంతా అడుగు పళ్లెం మీదే పడుద్ది. ఒక్కోదానికీ పేపరు చుట్టు. మధ్యలో గడ్డి కూరు. ఆఖర్న పెట్టెను ఊపితే లోపల చప్పుడు రాకూడదు."

"నాకు చెప్తావేంటే? నీ వయసంతా నేను బస్తాలే కట్టాను."

భానుశ్రీ నవ్వేసి, ఆటో పిలుచుకొస్తానని బయటికి వెళ్లింది. కోటిరత్నం రెండు అట్టపెట్టెలు ముందు పెట్టుకుని, పన్నెండేసి పళ్లాలు కూతురు చెప్పినట్టే పేపరు చుట్టి నిలబెట్టింది. గడ్డి కూరబోతే అది వేళ్ల కింద పెళపెళమంది. మరీ ఎండిపోయింది. ఆమె లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

ఇందులో ఆమె ఆలోచించిందేమీ లేదు. ఎండుమిరపకాయ పెళుసు. పొడిగా నింపి తొక్కితే విరిగి గింజలు రాలిపోతాయి. ముందు నీళ్లు చిలకరించి, మెత్తబడనిచ్చి నింపితే కాయ కాయలాగే ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ చెయ్యి అదే పని చేసింది, ఇప్పుడూ చేసింది. గడ్డి మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక పళ్లాల మధ్య దట్టంగా కూరి, పెట్టె ఊపి చూసింది. కిక్కురుమనలేదు. మూతలకు టేపు అంటించి, పెట్టెల వైపు చూసి తృప్తిగా నడుం వాల్చింది.

కూతురు పిలుచుకొచ్చిన ముస్తాక్ ట్రాలీ ఆటోలో వెనక పెట్టెల పక్కన కోటిరత్నం, ముందు భానుశ్రీ కూర్చుని గుంటూరు లారీ ఆఫీసుకి బయలుదేరారు. రోడ్డు గతుకులమయం. ఓ కుదుపుకి పెట్టె జరిగితే ఆపుదామని కోటిరత్నం అడుగున చెయ్యి పెట్టింది. అట్ట నానిన అప్పడంలా వేళ్లకు తగిలింది.

గోనెసంచి వేరు, తడిసినా గాలికి ఆరిపోతుంది, ఎంత బరువైనా మోస్తుంది. ఇది కాగితం. ఎవరైనా ఎత్తితే అడుగు ఊడి పన్నెండూ నేలపాలు. అంత చిన్న సంగతి తనకి పొద్దున ఎందుకు తట్టలేదో ఆమెకి అర్థం కాలేదు. రెండో పెట్టె కింద కూడా తడిమి చూసింది. అదీ అంతే.

ముందు సీట్లో కూతురు ఫెబాతో ఫోన్లో మాట్లాడుతోంది. "లేదండీ, ఈసారి భయం లేదు. మా అమ్మ కట్టింది. ఆవిడ చేతిలో మిరపకాయే విరగదు, పళ్లెమేం పగుల్తుందండీ!"

ఆ మాట వినకపోయి ఉంటే కోటిరత్నం అక్కడే చెప్పేసేదేమో. విన్నాక, రెండు చేతులూ చెరో పెట్టె కింద పెట్టి, దారి పొడుగునా వంగి కూర్చుంది. నడుము విరిగిపోతున్నా కదల్లేదు.

లారీ ఆఫీసు దగ్గర ముస్తాక్ దింపబోతే "నేను తెస్తా, నువ్వు ముట్టుకోకు" అని అరిచి, ఒక్కో పెట్టెనీ అడుగు నుంచి పొదివి పట్టుకుని తనే దింపింది. గుమాస్తా మాలకొండయ్య తూకం వేద్దామని ఓ పెట్టెను కొద్దిగా జరిపాడు. సిమెంటు నేల మీద అరచేయంత తడి మరక మిగిలింది.

"ఏంటమ్మా, లోపల ఊరగాయేమన్నా పెట్టారా? లారీ అరగంటలో కదుల్తుంది. తడి సరుకు నేను ఎక్కించను" అన్నాడు మాలకొండయ్య.

భానుశ్రీ చటుక్కున వెనక్కి తిరిగింది. "ముస్తాక్, ఆటో కడిగావా?"

"పొద్దున్నే కడిగానక్కా. ఆరిపోయిందిగా."

"ఆరిపోతే ఇదేంటి? పళ్లాలని చెప్పాను కదా! తుడవాలని తెలీదా నీకు?"

ముస్తాక్ తలకాయ వంచుకుని, తన తప్పేనేమో అన్నట్టు ఆటో వైపు చూశాడు. కోటిరత్నానికి ఆ క్షణం ఎంతో సుఖంగా అనిపించింది. నోరు మూసుకుంటే చాలు, నేరం ఆటో మీదికి పోతుంది. మరుక్షణమే తనంటే తనకి అసహ్యం వేసింది. అయినా గడ్డి లోపల తడిగానే ఉంది, అది ఎవరి మీదికి నెట్టినా ఆరదు.

"ఆ పిల్లాణ్ణి అనకే. నేనే తడిపాను. గడ్డి మీద నీళ్లు చిలకరించా, మిరపకాయలకి మల్లే."

భానుశ్రీ తల్లి వంక చూసింది. తిట్టి ఉంటే కోటిరత్నం తట్టుకునేది. పిల్ల పళ్లు బిగించి నేల మీద కూలబడి ఎడమచేత్తో టేపు పీకడం మొదలుపెట్టింది.

పేపర్లు పళ్లాలకు అతుక్కుపోయాయి. ఒక్కొక్కటీ ఒలిచి, కొంగుతో తుడిచి, కోటిరత్నం నేల మీద వరసగా పేర్చింది. ముస్తాక్ పక్క టిఫిన్ సెంటరుకి పరిగెత్తి పాతపేపర్ల కట్ట తెచ్చాడు. మాలకొండయ్య గొణుక్కుంటూనే లోపలినుంచి రెండు గట్టి పెట్టెలు ఇచ్చాడు. బయట లారీ డ్రైవరు హారను కొడుతున్నాడు. ఇరవై నాలుగూ చుట్టారు, నిలబెట్టారు, మధ్యలో పేపరు ఉండలు కూరారు. మొదటి పెట్టె ఊపితే చప్పుడు లేదు. రెండోది ఊపితే ఓ మూల టిక్కుమంది.

పేపర్లు అయిపోయాయి. హారను మళ్లీ మోగింది.

కోటిరత్నం తలకు చుట్టుకున్న గుడ్డ లాగేసింది. కొట్లో ఘాటు తగలకుండా రోజూ ముక్కూ చెవులూ కప్పుకునే గుడ్డ అది. చెమటకి తడిసిందేమోనని చెంపకి ఆనించి చూసుకుంది. పొడిగానే ఉంది. మడిచి ఆ మూలన కూరి, పెట్టె ఊపింది. చప్పుడు లేదు.

"పగిలితే మాకు పూచీ లేదని రాసివ్వాలి. కట్టినవాళ్లు సంతకం పెట్టండి" అన్నాడు మాలకొండయ్య.

"కట్టింది మా అమ్మ. ఆవిడ చేత పెట్టించుకోండి" అంది భానుశ్రీ, తల్లి వైపు చూడకుండా.

అది కోపమో నమ్మకమో కోటిరత్నానికి తెలియలేదు. తన పేరులోని నాలుగక్షరాలూ పెట్టింది. రెండు రోజులు ఇంట్లో ఇద్దరి మధ్యా అన్నానికి రమ్మనే మాట తప్ప ఇంకో మాట లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫెబా వీడియో కాల్ చేసింది. పెట్టెలు హోటలు బల్ల మీదున్నాయి. ఫోన్ గోడకి ఆనించి భానుశ్రీ ముందు కూర్చుంటే, కోటిరత్నం గుమ్మం పట్టుకుని నిలబడింది. ఫెబా ఒక్కో పళ్లెం విప్పి, వేలితో మీటి, పక్కన పెడుతోంది. పన్నెండు. మొదటి పెట్టె అయిపోయింది. పదిహేను. పందొమ్మిది. కోటిరత్నం పెదాలు కదుపుతూ తనూ లెక్కపెడుతోంది. ఇరవై రెండు.

"అయ్యయ్యో!" అంది ఫెబా. తెరంతా కదిలిపోయింది. భానుశ్రీ లేచి నిలబడింది. కోటిరత్నం కళ్లు మూసుకుంది.

వరసగా మూడు తుమ్ములు వినిపించాయి. తర్వాత ముక్కు తుడుచుకుంటూ ఫెబా తెర మీదికి వచ్చింది. చేతిలో గుడ్డ ఉంది. "ఏంటండీ ఇది, ఇంత ఘాటు! పళ్లాలు బాగానే ఉన్నాయిలెండి, ఇరవై మూడు, ఇదిగో ఇరవై నాలుగు. ఈ పాత గుడ్డ పారేయమంటారా?"

"వద్దు వద్దు, పారేయకండి" అంది భానుశ్రీ. "అది మా అమ్మ తలగుడ్డ. జాగ్రత్తగా తిరిగి పంపించండి."

"దానికెందుకే అంత ఖర్చు" అంటూ కోటిరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వసారాలోకి వెళ్లిపోయింది.