నాన్నతో పది రోజులు

"నాలుగు కాగితం ముక్కలు కత్తిరించడానికి పది రోజుల సెలవా," అన్నాడు భర్త, అద్దం ముందు టై సరిచేసుకుంటూ. "సరేలే, ఎలాగూ ఇంట్లోనే పడి ఉంటావుగా, ఆ కిటికీ తెరలు కూడా ఉతికించెయ్." ఉతికించెయ్ అన్నాడు గానీ, ఉతికించడానికి ఆ ఇంట్లో ఆమె కింద ఇంకెవరూ లేరు.

నాలుగు ముక్కలు కావవి. నర్సరీ బడి మూసేరోజు టీచరు ప్రతి పిల్ల సంచిలోనూ ఒక జాబితా పెట్టి పంపింది. సెలవుల్లో రోజుకొక పని. రంగు కాగితాలతో పది కడియాల గొలుసు చేసి, రోజు గడిచినప్పుడల్లా ఒకటి తెంపుతూ మిగిలినవి లెక్కపెట్టించాలి. ఆకులకి రంగు పూసి అచ్చులు వేయించాలి. గుండీలు రంగుల వారీగా ఏరించాలి. గుడ్ల అట్టతో గొంగళిపురుగు చేయించాలి, పళ్ళెంలో ఉప్పు పోసి వేలితో అక్షరాలు దిద్దించాలి, పాత మేజోడుతో మాట్లాడే బొమ్మ కుట్టాలి. అన్నిటి కిందా ఎర్ర సిరాతో ఒక మాట: పిల్లల చేతే చేయించండి, రోజూ ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టండి. నాలుగున్నరేళ్ళ పిల్ల చేత చేయించడమంటే తాను చేసిపారెయ్యడం కన్నా పది రెట్లు పని. ఆ సంగతి రాసినావిడకి తెలిసే ఉంటుంది.

ఆమె బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తుంది. ఎనభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, గీత మీద నుంచి వెంట్రుకవాసి పక్కకి పోకుండా కరెంటు కత్తితో కోస్తుంది. తొమ్మిదేళ్ళ చెయ్యి అది. ఖరీదైన గుడ్డ వస్తే మొదటి టేబుల్‌కే వస్తుంది, మొదటి టేబుల్ ఆమెది. సెలవు చీటీ ఇచ్చినప్పుడు సూపర్‌వైజరు నవ్వి, పాపకి సెలవులైతే మీకెందుకమ్మా సెలవు, ఇంట్లో పెద్దావిడ ఉందిగా అన్నాడు. పెద్దావిడ ఉంది. నా పిల్లల్ని నేను పెంచుకున్నాను, ఇంక ఎవరి పిల్లల్నీ పెంచే ఓపిక నాకు లేదని పాప పుట్టిన నెలకే చెప్పేసింది అత్తగారు. మీ ఆయన సెలవు పెట్టచ్చుగా అని సూపర్‌వైజరు అడగలేదు. ఆమె కూడా భర్తని అడగలేదు. ఆయన కార్ల షోరూములో అమ్మకాల మేనేజరు. తను ఒక్కరోజు రాకపోతే ఒక్క బండి కూడా గుమ్మం దాటదని ఆయన నమ్మకం. దాంతో ఆమె ఏడాదికి తనకి రావలసిన సెలవులన్నీ ఊడ్చిపెట్టి పాప కోసం వాడేసింది. ఇక డిసెంబరు దాకా పాపకి జ్వరం రాకూడదు, తనకసలే రాకూడదు.

మొదటిరోజంతా కత్తెరతోనే సరిపోయింది. పాప బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక కత్తెరని రెండు చేతులా పట్టుకుని కాగితాన్ని నమిలినట్టు చీల్చింది. ఆమె వెనక కూర్చుని, ఆ బుల్లి చేతి మీద తన చెయ్యి వేసి, "కత్తెర తిప్పకూడదమ్మా, కాగితం తిప్పాలి," అని చెప్పింది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళకి కరెంటు కత్తి ఇచ్చే ముందు, విడి ముక్కల మీద కత్తెరతో ఆమె నేర్పే మొదటి మాట అదే. నాలుగోసారికి పాప నాలుక పళ్ళ మధ్య నొక్కిపట్టి, వంకరటింకర పట్టీ ఒకటి కోసి ఎత్తి చూపించింది. ఆ సంతోషం మాత్రం నిజం, దాన్ని ఆమె కాదనదు. ఆ తర్వాత నేలకంటిన బంక గీకడం, అత్తగారి కాఫీ, కిటికీ తెరలు.

సాయంత్రం భర్త వచ్చాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని చాప మీద పాప పక్కన కూర్చున్నాడు. గొలుసు ఒక చివర తను పట్టుకుని, రెండో చివర పాప చేతికిచ్చి, "కాస్త పక్కకి జరుగు, నీ నీడ పడుతోంది," అన్నాడు ఆమెతో. ఫోటో తీసింది ఆమే. గ్రూపులో దాని కింద 'నాన్నతో మొదటి రోజు' అని రాసి పెట్టాడు. పది నిమిషాల్లో తల్లులందరూ ఎగబడ్డారు. మా ఇంట్లోనూ ఉన్నారు ఒకాయన, ఎందుకూ అని ఒకావిడ, మీ పాప పెట్టిపుట్టింది అని ఇంకొకావిడ. ఆయన అదే ఫోటో పంపితే ఆడపడుచు ఫోన్ చేసి అన్నయ్యకి ఎంత ఓపికో అని మురిసిపోయింది. అత్తగారు ఆ మాట పట్టుకుని, నా కొడుకు పగలంతా చాకిరీ చేసొచ్చి కూడా పిల్లతో కూర్చుంటున్నాడు, నువ్వు రోజంతా కాగితాలు కోసుకుంటూ కూర మాడ్చావు అంది.

మూడోరోజు ఆమె ఉండబట్టలేక, 'నాన్నతో' అనే ఎందుకు రాస్తున్నారని భర్తని అడిగింది. ఎవరైతే ఏంటి, ఇద్దరం ఒకటేగా అన్నాడాయన. పైగా ఫోటోలో నీ మొహం ఎప్పుడూ ఎవరో కొట్టినట్టు ఉంటుంది అని నవ్వాడు.

ఆరోరోజు మధ్యాహ్నం గొంగళిపురుగుకి కళ్ళు అంటిస్తుండగా ఫ్యాక్టరీ నుంచి పక్క టేబుల్ ఆవిడ ఫోన్ చేసింది. ఆమె మొదటి టేబుల్‌ని నిరుడు చేరిన అబ్బాయికి ఇచ్చారట. కత్తెర పట్టడం దగ్గర్నుంచి అతనికి నేర్పింది ఈమే. సెలవు అయ్యాక ఈమెని నాలుగో టేబుల్‌కి వెయ్యమన్నారట, అక్కడ కోసేది జేబుల లోపలి గుడ్డ. సాయంత్రం భర్త రాగానే చెప్పింది.  ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "పోనీలే, పెద్ద పని తప్పింది, హాయిగా ఉంటుంది," అని, కెమెరా తెరిచి, "గొంగళిపురుగు ఆరిందా? వెలుతురు పోతోంది," అన్నాడు.

ఆ ఫోటో కూడా ఆమే తీసింది. తీస్తూ చిన్న తెరలో ఆయన నవ్వుని చాలాసేపు చూసింది. అలిసిపోయాను అనే ఇన్నాళ్ళూ అనుకుంది. అలసటైతే నిద్రతో పోవాలి. ఇది పోవడం లేదు, ఉదయం లేచేసరికి ఇంకాస్త గట్టిపడి ఉంటోంది. దాని పేరు కోపమని ఒప్పుకోవడానికి మంచి కోడలికి ఏడేళ్ళు పట్టింది.

తొమ్మిదోరోజు బడి హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా భర్తకి ఫోన్ చేసింది. బడి తెరిచేరోజు సాయంత్రం ఆరింటికి తల్లిదండ్రుల ముందు ఇరవై మంది పిల్లల చేత ఏదో ఒకటి చేయించి చూపించాలట, ఆదర్శ తండ్రిగా ఆయన్నే ఎంచుకున్నారట. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. రేపు సాయంత్రానికల్లా ఇరవై మందికి సరిపడా పట్టీలు కోసి, బంక కలిపి, సంచిలో సర్దిపెట్టమని ఆమెకి చెప్పాడు.

"నేను సర్దను. మీకు తెలిసిన పనేగా, మీరే చేసుకోండి," అంది ఆమె.

ఆయన వేళాకోళం అనుకున్నాడు. బడికి అందరూ బయల్దేరేటప్పుడు సంచి కనబడకపోతే ఒకసారి ఆమె మొహంలోకి చూసి, పరవాలేదులే అనుకుని, దారిలో స్టేషనరీ దుకాణం ముందు బండి ఆపాడు. మెరుపుల అట్టలు, పెద్ద కత్తెరలు కొన్నాడు. నాలుగేళ్ళ పిల్లల వేళ్ళకి ఆ అట్ట తెగదని ఆమెకి చూడగానే తెలిసింది. చెప్పలేదు.

ఐదు నిమిషాలు ఆయన మాటలతో నెట్టుకొచ్చాడు. పిల్లలతో గడిపే సమయం గురించి చాలా బాగా చెప్పాడు, తల్లులు చప్పట్లు కొట్టారు. తర్వాత పిల్లలు అట్టలు కోయబోయారు. తెగలేదు. ఒకడు కత్తెర నేలకేసి కొట్టాడు, ఒక పిల్ల వేలు నొక్కుకుని ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపుకి ఆమె చేతులు లేవబోయాయి. వాటిని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఆ పిల్లని అప్పటికే టీచరు ఎత్తుకుంది. భర్త చెమట తుడుచుకుని, అందరికీ వినబడేలా, మా ఆవిడ కూడా వచ్చి ఓ చెయ్యి వేస్తుంది అన్నాడు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. పక్క కుర్చీలోంచి అత్తగారు, లేవవే, వాడి పరువు పోతోంది అని మోచేత్తో పొడిచింది. ఆమె కూర్చునే ఉంది.

ఇంతలో పాప టీచరు కొంగు లాగి, సాయం చేద్దామనే, "మా నాన్నకి రాదు టీచర్. నాన్న ఫోటోకి వస్తాడు," అంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకి బాగుండేది. టీచరు పల్చటి కాగితాలు తెచ్చి, పిల్లల్ని కూర్చోబెట్టి, మిగతాది తనే చేయించింది.

 ఇంట్లోకి అడుగుపెట్టగానే భర్త తలుపు విసిరికొట్టాడు. పదిమందిలో నన్ను వెధవని చేశావు, కావాలనే చేశావు అని అరిచాడు. అత్తగారు సోఫాలో కూలబడి, వాడేం తక్కువ చేశాడని అంటూ కళ్ళు ఒత్తుకుంది. ఆయన అరవడం ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కాదండీ, అలా కాదండీ అని ఆమె మొదలుపెడుతుందనీ, చివరికి క్షమాపణ దగ్గరకి వస్తుందనీ ఆయనకి తెలుసు. ప్రతిసారీ అలాగే జరిగింది.

ఆమె పాప చెప్పులు విప్పి గోడవారన పెట్టింది. లేచి ఆయన ఎదురుగా నిలబడింది.

"కావాలనే చేశాను," అంది. "నాలుగో టేబుల్ నుంచి మొదటి టేబుల్‌కి నేను మళ్ళీ వెళ్ళాలి. వచ్చే సెలవులకి నేను సెలవు పెట్టను. నువ్వు పెట్టు."

అత్తగారి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఏడేళ్ళ కాపురంలో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.